పొందూరు పంచెకు కొలతలుండవు

మొన్న సంక్రాంతికి మా మనవడు విజయనగరం వచ్చాడు. చేతిలో అరచెయ్యంత రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు. మా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తున్న ప్యాకేజీనే పెన్‌డ్రైవ్‌లో వేసి దానికి ఎక్కించబోతే ససేమిరా అంది.

"రెండిట్లోనూ డెబియన్ లినక్సే కద తాతా, ఇదేటి ఇలగంటాది?" అన్నాడు. నాలుగు రోజులుంటే చాలు, పట్నం పిల్లాడికీ మన యాస అంటుకుంటుంది.

"నా చొక్కా నీకు పడతాదేటి బావూ?" అన్నాను.

ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్పుకి తెలిసిన ఆజ్ఞలు వేరు, రాస్ప్‌బెర్రీలోని ఆర్మ్ చిప్పుకి తెలిసినవి వేరు. ప్రోగ్రామరు రాసే సోర్స్ కోడు తానులో గుడ్డ. ఫలానా చిప్పు కొలతకి దాన్ని కత్తిరించి కుట్టడమే కంపైల్ చెయ్యడం. మావాడు తెచ్చిన ప్యాకేజీ పేరు చివర ఏఎండీ64 అని ఉంది. ఇంటెల్ చిప్పుకి ఏఎండీ పేరేమిటంటారా? ఈ 64 బిట్ల పద్ధతిని ముందు తెచ్చింది ఏఎండీ కంపెనీ. ఇంటెల్ తర్వాత ఆ దారికే వచ్చింది.

2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 ఏడు రకాల చిప్పులకు దొరుకుతుంది. రిస్క్-ఫైవ్ అందులో కొత్త పెళ్లికూతురు. వేలకొద్దీ ప్యాకేజీలు, ఏడేసి కొలతలు! కుట్టేవాడి నడుం విరిగిపోదూ?

విరగదు. కుట్టుపని యంత్రాలకి అప్పగించేశారు. ప్యాకేజీదారు గుడ్డ పంపి, పక్కన 'ఎనీ' అని ఒక్క మాట రాస్తాడు. ఒక్కో రకానికీ ఉన్న బిల్డ్ మెషీన్లు ఎవరి చొక్కా వాళ్లే కుట్టుకుంటాయి. 2019 నుంచి ఇంట్లో కుట్టిన చొక్కా పంపితే అది తర్వాతి విడుదలలోకి పోదు.

నాకు ముచ్చటేసేది 'ఎనీ'కి బదులు రాసే రెండో మాట, 'ఆల్'. మా నాన్నగారి పొందూరు పంచె నేనూ కట్టాను. ఆయన బక్కపలచన, నాకు బొజ్జ. పంచెకేం బాధ? తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు అలాంటివే. అక్షరం ఆకారానికి చిప్పుతో పనిలేదు, ఒక్క ప్యాకేజీ అందరికీ సరిపోతుంది. అందుకే తెలివైన ప్యాకేజీదారు పెద్ద ప్రోగ్రామును రెండుగా విడదీస్తాడు. బొమ్మలు, సహాయ పుస్తకాలు పంచె మూటలోకి, నడిచే భాగం ఒక్కటే దర్జీ దగ్గరికి. సర్వర్లో ఏడు కాపీలు దాచాల్సినచోట ఒక్కటి చాలు.

మరి ఒకే ఇంట్లో రెండు కొలతల చొక్కాలుంటే? పూర్వం ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే లైబ్రరీలన్నీ ఒకే అరలో, ఒకే పేరుతో పడి కొట్టుకునేవి. 2013లో డెబియన్ 7 మల్టీఆర్క్ అని ఒక్కో చిప్పు రకానికీ వేరే అర పెట్టింది. పాత 32 బిట్ల ప్రోగ్రాము కొత్త 64 బిట్ల మెషీన్లో సర్దుకుపోయేది దాని చలవే.

మీ మెషీన్ కొలత తెలియాలంటే టెర్మినల్లో 'యూనేమ్ -ఎమ్' కొట్టండి. 'ఎక్స్86_64' వస్తే ఏఎండీ64 ప్యాకేజీ, 'ఏఆర్క్64' వస్తే ఆర్మ్64 దింపుకోండి. పేరు చివర 'ఆల్' ఉంటే మాత్రం కొలత చూడక్కర్లేదు.