మెప్పు వేరు, న్యాయం వేరు: ఈ-స్పోర్ట్స్ పోటీలపై అభిమానుల వివాదం

ఆటలో గెలిచినవాడు ముఖ్యుడా, నలుగురి మెప్పు పొందినవాడు ముఖ్యుడా అన్న ప్రశ్న క్రీడారంగానికి కొత్తది కాదు. కుస్తీ గోదాలోను, ఫుట్‌బాల్ మైదానంలోను, క్రికెట్ జట్టు ఎంపికలోను ఈ ప్రశ్న తరతరాలుగా వినబడుతూనే ఉన్నది. అయితే గత రెండు దశాబ్దాలలో వృత్తిక్రీడగా రూపుదిద్దుకొన్న ఈ-స్పోర్ట్స్‌లో, అనగా కంప్యూటరు మీదను సెల్‌ఫోను మీదను ఆడే వీడియో క్రీడల పోటీలలో, ఇది మరింత తీవ్రరూపం దాల్చినది. ఆ అభిమానుల వాదప్రతివాదాలు దేని చుట్టూ తిరుగుతున్నవో, వాటిలో నిజంగా పణంగా ఉన్నదేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా ఒక భేదాన్ని గుర్తించవలెను. ఫుట్‌బాల్ ఆటకు యజమాని లేడు. బంతి కొనుక్కొన్న ప్రతి వీథి కుర్రవాడూ దానికి హక్కుదారుడే. వీడియో క్రీడకు మాత్రం యజమాని ఉన్నాడు. ఆటను తయారుచేసిన సంస్థదే ఆ ఆట. నియమాలు మార్చేదీ, పోటీలకు అనుమతినిచ్చేదీ, తరచుగా అతిపెద్ద పోటీని నడిపేదీ ఆ సంస్థయే. ఆ సంస్థకు ప్రేక్షకుల సంఖ్యే ఆదాయం. కనుక ఎక్కువమంది ఎవరిని చూడగోరుతున్నారో వారిని వేదిక మీద నిలపాలన్న ఆశ దానికి సహజంగానే కలుగుతుంది. న్యాయాధిపతియే దుకాణదారుడు కూడా అయినప్పుడు తక్కెడ ఎటు మొగ్గుతున్నదో కనిపెట్టి ఉండే పని ప్రేక్షకుని మీద పడుతుంది. అభిమానుల వివాదాలకు మూలం ఇక్కడే ఉన్నది.

దీనికి మంచి ఉదాహరణ డోటా 2 అనే ఆట. చెరి ఐదుగురు గల రెండు జట్లు తమ కోటను కాపాడుకొంటూ ఎదుటి కోటను కూల్చడం ఇందలి లక్ష్యం. దీని ప్రధాన పోటీ పేరు ‘ది ఇంటర్నేషనల్’. 2011లో జర్మనీలోని కొలోన్ నగరంలో తొలిసారి జరిగినప్పుడు, ఆట యజమాని అయిన వాల్వ్ సంస్థ 16 జట్లను తానే ఎంచి ఆహ్వానించినది. బహుమతుల మొత్తం 16 లక్షల డాలర్లు. 2013 నుండి పద్ధతి మారినది. అభిమానులు కొనుక్కొనే ఒక డిజిటల్ పుస్తకం ధరలో నాలుగవ వంతును బహుమతి నిధికి చేర్చసాగారు. ఈ విధంగా పెరుగుతూ పోయిన నిధి 2021 నాటికి 4 కోట్ల డాలర్లు దాటినది. అందులో విజేత జట్టుకే 1 కోటి 82 లక్షల డాలర్లు దక్కినవి. తరువాత 2023లో నిధి 30 లక్షల డాలర్ల పై చిలుకుకు పడిపోయినది. అభిమానుల ధనబలం ఎంతటిదో ఈ అంకెలే చెబుతున్నవి.

“డబ్బు మాది అయినప్పుడు మాటా మాదే కావాలి గదా!” అని కొందరు అభిమానులు వాదిస్తారు. ఈ వాదాన్ని తేలికగా త్రోసివేయడానికి వీలులేదు. పోరాటపు ఆటలకు ప్రసిద్ధమైన అమెరికాలోని ‘ఈవో’ పోటీ 2013లో ఒక ప్రయోగం చేసినది. ఆ ఏడాది పట్టికలో మిగిలిన ఒక్క స్థానానికి ఏ ఆటను చేర్చాలో తేల్చడానికి, రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఏ ఆట అభిమానులు ఎక్కువ విరాళమిస్తే ఆ ఆటకే స్థానమని ప్రకటించినది. పన్నెండేళ్ల నాటి పాత ఆట ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ’ అభిమానులు 94,683 డాలర్లు సమకూర్చి గెలిచారు. దీనిని అన్యాయమనడం కష్టం. ఏ ఆట ఆడాలన్నది అభిరుచికి సంబంధించిన విషయం. ఆ ఆటలో ఎవరు గెలవాలన్నది వారు నిర్ణయించలేదు.

అదే ఏడాది షాంఘైలో జరిగిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ ఆల్-స్టార్ పోటీ సంగతి వేరు. వివిధ ప్రాంతాల ఆటగాళ్లను అభిమానుల ఓట్లతో ఎన్నుకొన్నారు. సరదా ప్రదర్శనగా ముగిసి ఉంటే చిక్కు లేదు. కాని గెలిచిన ప్రాంతానికి ప్రపంచ పోటీలో అదనంగా ఒక స్థానం ఇస్తామన్నారు. దక్షిణ కొరియా గెలిచి ఆ స్థానం పొందినది. కొన్ని నెలల తరువాత లాస్ ఏంజెలెస్‌లో ప్రపంచ విజేతగా నిలిచిన ఎస్.కె. టెలికామ్ టి1 జట్టు, ప్రాంతీయ అర్హత పోటీ గెలిచి కొరియా జట్లలో చివరిదిగా వచ్చినదే. ఒక్క స్థానం విలువ ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చును. కొరియా ఓటర్లు ఎన్నుకొన్నవారు సమర్థులే అయినందున అక్కడ నష్టం జరగలేదు. కాని ఓటుపెట్టెకు అందచందాలూ, మాటకారితనమూ, పాత కీర్తీ ఆటనేర్పుతో సమానంగానే కనబడతాయి. వాటి మీద మరొకరి భవిష్యత్తును వ్రేలాడదీయడం ఎంతవరకు సమంజసం?

ఇక ద్వారం తెరిచి ఉంచడం వలన కలిగే మేలుకు రెండు సాక్ష్యాలున్నవి. 2018లో ఓజీ అనే యూరప్ జట్టు సీజను మధ్యలో చీలిపోయినది. నేరుగా ఆహ్వానం పొందే అవకాశం పోయినందున, ఎవరైనా పేరు నమోదు చేసుకోదగిన బహిరంగ అర్హత పోటీల నుండి అది మొదలుపెట్టవలసి వచ్చినది. అయినను మెట్టుమెట్టుగా ఎక్కి వాంకూవర్‌లో ‘ది ఇంటర్నేషనల్’ కిరీటాన్ని గెలుచుకొన్నది. 2019లో మరల గెలిచి, రెండుసార్లు గెలిచిన తొలి జట్టయినది. 2021లో విజేత అయిన టీమ్ స్పిరిట్‌కు కూడా సీజను పాయింట్లు చాలలేదు. తూర్పు యూరప్ అర్హత పోటీ గెలిచి బుకారెస్ట్ చేరిన ఆ జట్టు, దారిలో ఆ ఓజీనే ఇంటికి పంపినది. కోవిడ్ కారణంగా ప్రేక్షకులు లేని ఆ ఖాళీ మైదానంలో చప్పట్లు కొట్టేవారు లేకున్నను ఫలితం మారలేదు. పేరుప్రతిష్ఠలే ప్రవేశపత్రమై ఉంటే ఈ రెండు కథలలో మొదటి పుట కూడా వ్రాయబడి ఉండేది కాదు.

అయితే రెండవ పక్షం వారి మాటలోనూ సారం లేకపోలేదు. ఉత్తర అమెరికా ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ లీగు 2018లో శాశ్వత సభ్యత్వ పద్ధతికి మారినది. కనీసం 1 కోటి డాలర్ల ప్రవేశ రుసుము నిర్ణయించి, చివరి స్థానంలో నిలిచిన జట్టును క్రింది తరగతికి దించే ఆచారాన్ని తొలగించారు. అంతకు ముందు ఒక్క చెడ్డ సీజనుతో జట్టు జారిపడితే దానిని పోషించే సంస్థలు వెళ్లిపోయేవి. ఇరవై యేళ్ల కుర్రవాళ్ల జీతాలు ఆగిపోయేవి. స్థిరత్వం ఉంటేనే శిక్షకులను, వసతిని సమకూర్చగలమని యజమానుల వాదన. ఇది కాదనలేనిది. కాని చివరి స్థానానికి శిక్ష లేనప్పుడు పట్టుదల సడలుతుందనీ, క్రింద ఉన్న ప్రతిభకు నిచ్చెన తీసివేసినట్లవుతుందనీ అభిమానుల ఆక్షేపణ. 2021 ఏప్రిల్‌లో యూరప్‌లోని 12 పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు తమకై ఒక మూసిన లీగును ప్రకటించగా, అభిమానుల ఆగ్రహానికి తాళలేక రెండు మూడు రోజులలోనే అది కూలిపోయిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. రెండు చోట్లా మనోవేదన ఒకటే.

‘కౌంటర్-స్ట్రైక్’ అనే మరొక ఆటలో ఈ వివాదం ఒక నిర్ణయానికి దారితీసినది. 2020లో కొన్ని ప్రముఖ జట్లు ఒక పెద్ద పోటీ నిర్వాహక సంస్థతో దీర్ఘకాలిక భాగస్వామ్య ఒప్పందం చేసుకొన్నవి. నిర్వాహకునికీ ఆడేవానికీ మధ్య వ్యాపార బంధుత్వం ఏర్పడితే మిగిలినవారికి సమానావకాశం ఎక్కడిదన్న విమర్శ వచ్చినది. 2023 ఆగస్టులో వాల్వ్ సంస్థ, 2025 నుండి పెద్ద పోటీలు నడిపేవారికి జట్లతో ప్రత్యేక వ్యాపార సంబంధాలు ఉండరాదనీ, ఆహ్వానాలు బహిరంగమైన ర్యాంకుల ప్రకారమో అర్హత పోటీల ద్వారానో జరగాలనీ ప్రకటించినది. ర్యాంకుల లెక్కలోనూ లోపాలుంటాయి. కాని లెక్క నలుగురి ఎదుట ఉంటే లోపాన్ని వేలుపెట్టి చూపవచ్చును. మూసిన గదిలోని నిర్ణయాన్ని చూపలేము.

ప్రవేశం దొరికిన తరువాత పోటీ నిర్మాణంలోనూ ఇదే సంఘర్షణ ఉన్నది. ఒక్క ఓటమితో ఇంటికి పంపే పద్ధతిలో ఉత్కంఠ ఎక్కువ. దురదృష్టానికీ చోటు ఎక్కువ. అందువలన అనేక పోటీలలో రెండు ఓటములు పొందినవారినే తొలగిస్తారు. ఒకసారి ఓడినవారు క్రింది శాఖలో ఆడి మరల ఫైనల్ చేరవచ్చును. 2021 ఫైనల్‌లో పీఎస్‌జీ.ఎల్‌జీడీ అనే చైనా జట్టు ప్రధాన వేదికపై ఓటమి ఎరుగకుండా వచ్చినది; టీమ్ స్పిరిట్ ఒకసారి ఓడి క్రింది శాఖ నుండి వచ్చినది. ఫైనల్‌లో స్పిరిట్ 3-2తో గెలిచినది. ముగిసేసరికి ఆ వేదికపై రెండు జట్లూ ఒక్కొక్క పోటీ ఓడినవే! ఒకరికి రెండవ అవకాశం ఉండగా మరొకరికి ఎందుకు లేదన్న ప్రశ్న సహేతుకమే. ‘ఈవో’లో ఇటువంటి సందర్భంలో మరొక ఫైనల్ ఆడిస్తారు. డోటాలో ఐదు ఆటల ఒక్క ఫైనల్‌తోనే ముగిస్తారు. రాత్రి పొద్దుపోయేవరకు రెండు ఫైనళ్లు చూచే ఓపిక ప్రేక్షకులకు ఉండదన్న ఆలోచన దీనికి మద్దతుగా నిలుస్తుంది. ఇక్కడ న్యాయం కొంత తగ్గి రంజకత్వానికి చోటిచ్చినది. కాని నియమం ముందే అందరికీ తెలుసును, అందరికీ ఒక్కటే. కనుక దీనిని రాజీ అనవచ్చును గాని మోసమనరాదు. చదరంగం ఆడే మన విద్యార్థులకు పరిచితమైన స్విస్ పద్ధతి మరొక మార్గం. 1895లో జూరిచ్ చదరంగ పోటీలో మొదలైన ఆ పద్ధతిలో, సమానమైన గెలుపులున్నవారు తమలో తాము తలపడతారు. 2023లో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ ప్రపంచ పోటీ కూడా దీనిని స్వీకరించినది.

అభిమానానికి అసలైన పరీక్ష శిక్ష విషయంలో వస్తుంది. 2014 ఆగస్టులో ‘కౌంటర్-స్ట్రైక్’లో పేరొందిన అమెరికా జట్టు ఐబైపవర్ ఒక పోటీలో కావాలని ఓడిపోయినది. పందెంలో లాభం పొందడమే కారణమని తేలగా, 2015 జనవరిలో వాల్వ్ తన పోటీల నుండి బాధ్యులను నిషేధించినది. 2016లో ఆ నిషేధం శాశ్వతమని స్పష్టం చేసినది. ప్రతిభావంతులైన యువకులు ఒక తప్పుకు జీవితమంతా బలికావాలా అని ఎందరో అభిమానులు ఏళ్లతరబడి అడిగారు. 2017లో ఒక నిర్వాహక సంస్థ తన పోటీల వరకు వారిని తిరిగి అనుమతించినది. క్షమాగుణం గొప్పదే. కాని అదే తప్పు చేసిన అనామకుని కోసం ఎవరు గొంతెత్తుతారు? క్షమ అందరికీ ఒకే కొలతతో లభిస్తేనే అది న్యాయంలో భాగమవుతుంది. పేరున్నవానికి మాత్రమే లభిస్తే అది మరొక బహుమతి.

ఈ సంగతులన్నీ దూరదేశాలవని అనుకోనక్కరలేదు. 2024 జూన్ చివరి వారంలో మన హైదరాబాదు హైటెక్స్‌లోనే ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ జాతీయ పోటీ తుదిదశ జరిగినది. బహుమతుల మొత్తం 2 కోట్ల రూపాయలు. సెల్‌ఫోనులోనే ఆడే అర్హత రౌండ్లతో మొదలైన ఆ పోటీలో తుదకు 16 జట్లు మిగిలినవి. ఖరీదైన కంప్యూటరు, పెద్ద నగరపు శిక్షణ లేని పిల్లవాడు కూడా చేతిలోని ఫోనుతో ఆ మెట్ల వరుసలో మొదటి మెట్టుపై కాలు మోపగలడు. ఆ మొదటి మెట్టు అక్కడ ఉండాలా, లేక లక్షల అభిమానులున్న జట్లతోనే వేదిక నింపాలా అన్నదే ఈ వివాదంలో నిజంగా పణమైన విషయం.

మన రెండు భాషల సంప్రదాయాలలోనే దీనికి సమాధానం ఉన్నదని నాకు తోస్తుంది. ముషాయిరాలో వాహ్వా అనడం శ్రోత హక్కు. కంఠమాధుర్యానికి ముగ్ధుడై ఎన్నిసార్లు ముకర్రర్ అన్నను తప్పు లేదు. కాని బహర్ తప్పిన మిస్రా ఆ వాహ్వాలతో సరియైనది కాజాలదు. అవధాన సభలో చప్పట్లు ఎంత మ్రోగినను యతి తప్పిన పాదం తప్పినదే. ఏ కవిని మరల పిలవాలో, ఏ సభకు టిక్కెట్టు కొనాలో శ్రోతలు నిర్ణయించవచ్చును, ఛందస్సును నిర్ణయించరాదు.

ఈ-స్పోర్ట్స్‌కూ ఇదే హద్దు వర్తిస్తుంది. ఏ ఆట ఆడాలి, ఏ నగరంలో ఆడాలి, ప్రదర్శన పోటీలో ఎవరు కనబడాలి అన్నవి మెప్పుకు వదలవచ్చును. ఎవరికి ప్రవేశం, ఎవరు ఎవరితో తలపడాలి, ఎవరికి శిక్ష అన్నవి మాత్రం ముందుగా వ్రాసిన నియమానికే చెందాలి. ఓజీకి 2018లో ఆ నియమమే దారి చూపినది. ఆ ఏడాది వేసవిలో బహిరంగ అర్హత పోటీలో పేరు నమోదు చేసుకొన్న మిగిలిన జట్ల పేర్లు నేడు ఎవరికీ గుర్తులేవు. కాని ఆ పట్టికలో వారందరికీ చోటున్నందువల్లనే విజేతకు కూడా చోటు దొరికినది.