కెమెరా దూరాన్ని ఎలా కొలుస్తుంది?

ముందుగా ఒక చిన్న సంగతి చెబుతాను. 1998లో నేను గుండుగొలను దగ్గర, కొల్లేటి వైపు పోయే పొలంగట్టు మీద, పదో తరగతి పూర్తిచేసిన ఇద్దరు విద్యార్థులను పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశాను. అది తనంతట తానే ఫోకస్ చేసుకునే ఫిల్ము కెమెరా. చూసే కిటికీలో ఇద్దరి ముఖాలూ చక్కగా కనిపించాయి. కాని ఏలూరులో రీలు కడిగించి చూస్తే ముఖాలు మసకగా ఉన్నాయి! వెనక దూరంగా ఉన్న తాటిచెట్లు మాత్రం స్పష్టంగా పడ్డాయి. ఈలోగా ఆ ఇద్దరిలో ఒకరి కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోయింది. మళ్లీ తీసే అవకాశం రాలేదు.

కెమెరా చెడిపోయిందా? లేదు. అది తన పని సరిగానే చేసింది. ఎలాగో చూద్దాం.

వస్తువు దగ్గరగా ఉంటే దాని ప్రతిబింబం కటకానికి దూరంగానూ, వస్తువు దూరంగా ఉంటే ప్రతిబింబం కటకానికి దగ్గరగానూ ఏర్పడుతుంది. కెమెరాలో ఫిల్ము కదలదు. కనుక కటకాన్నే ముందుకూ వెనక్కూ జరపాలి. ఎంత జరపాలో తెలియాలంటే వస్తువు ఎంత దూరంలో ఉందో తెలియాలి.

దూరం కొలవడానికి టేపు అక్కరలేదు. చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒకసారి ఎడమకన్ను, ఒకసారి కుడికన్ను మూసి చూడండి. వెనకనున్న చెట్ల మీద వేలు పక్కకు గెంతినట్లు కనిపిస్తుంది. వేలిని ముఖానికి దగ్గరగా తెస్తే గెంతు పెరుగుతుంది. దీనినే దృష్టివిక్షేపం అంటారు. గెంతు ఎంతో తెలిస్తే దూరం తెలుస్తుంది.

రేంజ్‌ఫైండర్ కెమెరాకు కూడా ఇలాంటి రెండు కళ్లున్నాయి. అవి పక్కపక్కన ఉండే రెండు చిన్న కిటికీలు. 1932లో వచ్చిన లైకా-2 వంటి కెమెరాలలో ఆ రెండు బొమ్మలూ ఒకటిగా కలిసేదాకా మనమే కటకాన్ని తిప్పాలి. 1977లో జపానుకు చెందిన కోనికా కంపెనీ తెచ్చిన సీ35 ఏఎఫ్ కెమెరా ఈ పనిని తానే చేసింది. పెద్ద సంఖ్యలో తయారైన మొదటి ఆటోఫోకస్ కెమెరా అదే. అందులో దూరం కొలిచే భాగాన్ని అమెరికాకు చెందిన హనీవెల్ కంపెనీ రూపొందించింది. రెండు కిటికీల నుంచి వచ్చిన కాంతి చిన్న దర్పణాల మీదుగా వెళ్లి కాంతిని గుర్తించే పరికరాల మీద పడుతుంది. ఒక దర్పణం మెల్లగా తిరుగుతుంది. రెండు బొమ్మలూ సరిగ్గా సరిపోయిన క్షణాన్ని విద్యుత్ వలయం గుర్తిస్తుంది. అప్పుడు దర్పణం ఉన్న కోణాన్ని బట్టి కటకం ఎక్కడ ఆగాలో తేలుతుంది. 1994లో వచ్చిన కాంటాక్స్ జీ1 కూడా రెండు కిటికీలతోనే దూరం కొలిచేది.

కిటికీల మధ్య 5 సెంటీమీటర్ల ఎడం ఉందనుకుందాం. 1 మీటరు దూరంలోని వస్తువు దగ్గర రెండు చూపుల మధ్య కోణం సుమారు 2.9 డిగ్రీలు. 2 మీటర్లకు 1.4 డిగ్రీలు. 10 మీటర్లకు 0.29, 20 మీటర్లకు 0.14 మాత్రమే! దూరం పెరిగేకొద్దీ తేడా పట్టుకోవడం కష్టమవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. పెరట్లో బట్టలారేసే దండెం ఎదుట నిలబడండి. దాని కొనలు కనపడకుండా మధ్యభాగాన్నే చూస్తూ కళ్లను మార్చి మార్చి మూయండి. దండెం కదిలినట్లే అనిపించదు. అడ్డగీత పక్కకు జరిగినా అలాగే ఉంటుంది కదా! ఇప్పుడు తలను భుజం మీదికి వాల్చి చూడండి. దండెం గెంతుతుంది. అందువల్లనే ఇటువంటి కెమెరా నిలువుగా ఉన్న తాటిమానును సులభంగా పట్టుకుంటుంది. కొల్లేటి నీటిమీద ఆకాశం కలిసే అడ్డగీత దగ్గర, సున్నం వేసిన ఖాళీ గోడ దగ్గర తడబడుతుంది. అప్పుడు కెమెరాను నిలువుగా తిప్పితే అడ్డగీత దొరుకుతుంది. ఖాళీ గోడకు ఆ ఉపాయమూ పనికిరాదు. గోడ అంచునో, తలుపు చట్రాన్నో చూపించాలి.

ఇక నా ఫొటో సంగతి. కెమెరా కొలిచేది చిత్రం నడిమి భాగాన్నే. ఇద్దరు పిల్లల మధ్య ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి చూపు నేరుగా తాటిచెట్లకు తగిలింది. మరి నాకు ముందే ఎందుకు తెలియలేదు? ఇటువంటి కెమెరాలో మనం కటకంలోంచి చూడం, వేరే కిటికీలోంచి చూస్తాం. ఫోకస్ తప్పినా అందులో అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి!

నేను చేయవలసింది చాలా చిన్న పని. ముందుగా ఒకరి ముఖాన్ని నడిమికి తెచ్చి, మీటను సగం నొక్కి పట్టుకోవాలి. అప్పుడు కొలిచిన దూరం మారకుండా ఉంటుంది. తరువాత ఇద్దరూ పట్టేలా కెమెరాను పక్కకు జరిపి, మీటను పూర్తిగా నొక్కాలి.

కెమెరా దూరాన్ని కొలవగలదు. కాని ఎవరి దూరం కొలవాలో దానికి తెలియదు. అది చెప్పవలసింది మనమే.