చిట్టా చూచి చక్కదిద్దు విద్య

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వేకువజామున, గంటకు 140 కిలోమీటర్లకు మించిన వేగముగల గాలులతో తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు, ఉద్దానపు కొబ్బరితోటలును జీడితోటలును నేలకొరగుటయే గాక, కరెంటు స్తంభములు కూలి పెక్కు గ్రామములు దినములతరబడి చీకటిలో నుండెను. కూలిన చెట్టు కంటికి కనబడును. పని నడుచుచుండగా కరెంటు తటాలున పోయిన కంప్యూటరులోని నష్టము, టెక్కలి నెట్ సెంటరులోనైనను కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కల గదిలోనైనను, యంత్రమును మరల తెరచుదాక బయటపడదు.

డిస్కుపై ఫైలును వ్రాయుట ఏకక్రియ కాదు. ఖాళీ గడుల పట్టిక, ఏ ఫైలు ఏ గడులలో నున్నదో తెలుపు పట్టిక, ఫోల్డరులోని పేరు, ఈ మూడును వేర్వేరుగా మారవలయును. నడుమ విద్యుత్తు ఆగినచో వానికి పరస్పరము పొంతన చెడి, పేరుండి విషయము లేనివియు, విషయముండి పేరు లేనివియు నగు ఫైళ్లు మిగులును. యూనిక్సునం దిట్టి పొరపొచ్చెములను వెదకి దిద్దుటకు 1970 దశకాంతమున టెడ్ కొవాల్స్కీ రచించిన ప్రోగ్రాము ఎఫ్‌ఎస్‌సీకే. విండోసునందు చెక్‌డిస్క్ అట్టిదే. అయితే డిస్కులు పెరిగినకొలది ఆమూలాగ్రపరీక్షకు గంటలు పట్టసాగెను.

అందుచేత, వర్తకుడు బేరమును మొదట చిట్టాలో వ్రాసికొని పిదప ఆవర్జాకు ఎక్కించునట్లు, చేయబోవు మార్పును ముందుగా జర్నలునందు నమోదు చేయు పద్ధతి వచ్చినది. 1993లో విండోస్ ఎన్‌టీతో వెలువడిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001లో లైనక్సున చేరిన ఈఎక్స్‌టీ3 ఈ కోవలోనివి. యంత్రము మరల లేచినప్పుడు పూర్తిగా నమోదైన మార్పులను అమలుపరచి, అసంపూర్ణములను విడిచిపుచ్చును. సాధారణముగా జర్నలు కాపాడునది పట్టికల పొంతననే. మీరు చివర టైపు చేసిన పంక్తులకు అది పూచీపడదు. పెన్‌డ్రైవులలోని ఫ్యాట్ పద్ధతికి ఆపాటి చిట్టాయు లేదు.

ఎఫ్‌ఎస్‌సీకే వంటి మరమ్మతు సాధనము కోరునది క్రమము, మనము కోరునది సమాచారము. క్రమమునకై అది సమాచారమును నిర్దాక్షిణ్యముగా తెగగొట్టగలదు. అడిగిన ప్రతి ప్రశ్నకును ‘ఎస్’ నొక్కు తొందరపాటు నా దృష్టిలో తుఫానుకన్న ప్రమాదకరము. కావున దెబ్బతిన్న డిస్కుపై ఏమియు వ్రాయక, డీడీరెస్క్యూ వంటి సాధనముతో దాని ప్రతిబింబమును వేరొక డిస్కుపైకి తీసి, మరమ్మతు ఆ ప్రతిపైననే, అదియు అన్‌మౌంటు చేసి, అనగా వ్యవస్థ వాడుకనుండి తప్పించి యుంచి, జరుపవలయును. డిస్కునుండి టక్కుటక్కుమను చప్పుడు వచ్చుచున్నచో ఆ ప్రయత్నమును మాని నిపుణుని కప్పగించుట మేలు.

లైనక్సున పేరు కోల్పోయిన ఫైళ్లు ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ ఫోల్డరున అంకెలను మాత్రమే ధరించి చేరును. అవి ఫొటోలో, లెక్కల పుస్తకములో ‘ఫైల్’ అను ఆదేశము తేల్చిచెప్పును. ఏది ఎవరిదో మాత్రము యజమాని యొక్కొక్కటే తెరచి పోల్చుకొనవలయును.