నురగ వస్తే ఉతికినట్టేనా?

కోడ్ రన్ అయ్యాక స్క్రీన్ మీద "సక్సెస్" అని వచ్చిందనుకోండి. ఆ ఒక్క లైన్ చూసి ప్రోగ్రామ్ కరెక్ట్ అని నమ్మేస్తామా? ఆ లైన్ ప్రింట్ చేయమని రాసింది మనమే కదా! బట్టల దగ్గర మాత్రం హాస్టల్ మొత్తం అలాగే నమ్మేస్తుంది. నురగ వచ్చింది, తెల్లగా ఉంది, మంచి వాసన వస్తోంది, ఇంకేం, శుభ్రమే అని. నిజానికి ఈ మూడూ ప్రింట్ స్టేట్‌మెంట్లే.

మొదట నురగ సంగతి. సర్ఫులో మురికి వదిలించేది సర్ఫాక్టెంట్. దాని అణువులో ఒక కొన నీళ్ళని పట్టుకుంటుంది, ఇంకో కొన జిడ్డుని పట్టుకుంటుంది. అలా జిడ్డుని బట్ట మీంచి నీళ్ళలోకి లాగేస్తుంది. ఈ పనంతా నీళ్ళ లోపల జరుగుతుంది. పైన కనిపించే నురగ ఉత్త గాలి బుడగలు. ఫ్రంట్ లోడ్ మెషిన్ల కోసం నురగ తక్కువ వచ్చే సర్ఫు విడిగా అమ్ముతారు. దానితోనూ మురికి బాగానే పోతుంది.

బోరు నీళ్ళలో చాలాచోట్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అందుకే నురగ సరిగా రాదు. రాలేదని ఇంకో గుప్పెడు సర్ఫు వేస్తాం, ఆ తర్వాత ఒక్కసారి జాడించి ఆరేస్తాం. మిగిలిన సర్ఫు బట్టలోనే ఉండిపోతుంది. బట్ట బిరుసెక్కుతుంది, కొందరికి దురద కూడా పుడుతుంది.

రెండోది తెలుపు. నీలిమందు మురికిని అస్సలు తీయదు. పసుపుదనం మీద కాస్త నీలం చేరిస్తే మన కంటికి తెల్లగా కనిపిస్తుంది, అంతే. చాలా సర్ఫుల్లో ఆప్టికల్ బ్రైటెనర్లు కూడా ఉంటాయి. ఇవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలం వెలుగుగా తిరిగి ఇస్తాయి. ఫ్రెషర్స్ పార్టీలో యూవీ లైట్ల కింద తెల్ల షర్టులు మెరిసేది ఇందుకే. ఆ మెరుపుకీ శుభ్రతకీ సంబంధం లేదు.

మూడోది వాసన. చెమట వాసనకి కారణం బ్యాక్టీరియా. సెంటు దాన్ని కప్పెడుతుంది, బ్యాక్టీరియాని మాత్రం తీయదు. టవల్ మెత్తగా, ఘుమఘుమలాడుతూ ఉండాలని ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే, దాని పూత దారాల మీద పేరుకుని టవల్ తడిని సరిగా పీల్చదు.

మరి అసలు టెస్ట్ ఏంటి? బట్ట పూర్తిగా ఆరిందా లేదా అన్నది. వానాకాలంలో గదిలో ఫ్యాన్ కింద సగం ఆరిన జీన్స్, లోదుస్తులు వేసుకుని తిరిగితే తామరకి మనమే చోటిచ్చినట్టు. అది ఫంగస్. చెమ్మ దానికి బాగా నచ్చుతుంది. ఒకరి టవల్ ఇంకొకరు వాడితే గదంతా పాకుతుంది. దాన్ని సెంటుతో ఆపలేం.

అందుకని ప్యాకెట్ మీద రాసినంతే సర్ఫు వేయండి. అరగంట నానితే చాలు, రాత్రంతా నానబెట్టక్కర్లేదు. చేతికి జారుడు తగలనంత వరకు జాడించండి. దండెం మీద బట్టల మధ్య జానెడు ఖాళీ వదలండి, గాలి ఆడాలి. నడుం పట్టీ, జేబులు, కుట్లు చివర్లో ఆరతాయి, అక్కడ పట్టుకుని చూశాకే మడత పెట్టండి. రూమ్మేట్ ఎంత క్లోజ్ అయినా సరే, టవల్ మాత్రం ఎవరిది వాళ్ళదే.