ప్లాస్టిక్ బుడగలో పన్నెండేళ్లు

పుట్టిన కొన్ని క్షణాల్లోనే ఆ బాబుని ప్లాస్టిక్ గుడారంలోకి చేర్చారు. పాలు, బట్టలు, బొమ్మలు... ఏదైనా క్రిములు లేకుండా శుద్ధి చేశాకే లోపలికి. అమ్మానాన్నలు ముట్టుకోవాలన్నా గుడారానికి అమర్చిన రబ్బరు గ్లౌజుల్లో చేతులు దూర్చాల్సిందే.

అతని పేరు డేవిడ్ వెట్టర్. 1971 సెప్టెంబరు 21న అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టాడు. అంతకుముందు పుట్టిన అన్న ఏడు నెలలకే చనిపోవడంతో వైద్యులు ముందే సిద్ధమయ్యారు. జబ్బు పేరు సివియర్ కంబైన్డ్ ఇమ్యునోడెఫిషియెన్సీ, పొడి అక్షరాల్లో 'స్కిడ్'. రోగనిరోధక వ్యవస్థని నడిపించే టి-కణాలు ఈ పిల్లల్లో తయారు కావు, లేదా పనిచేయవు. మనకి జలుబుతో పోయే వైరస్ వాళ్ల ప్రాణం తీస్తుంది.

1977లో నాసా ఇచ్చిన ప్రత్యేక సూటు వేసుకున్న రోజే అమ్మ అతన్ని తొలిసారి ఎత్తుకుంది. ఆ సూటుని వాడింది ఏడుసార్లే. 1983 అక్టోబరులో అక్క మూలుగని ఎక్కించారు. అందులో నక్కి ఉన్న ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ని అప్పటి పరీక్షలు పట్టలేకపోయాయి. అది క్యాన్సర్‌కి దారితీసింది. చివరి రోజుల్లో బుడగలోంచి బయటికి తెచ్చారు. అప్పుడుగానీ అమ్మ చేయి నేరుగా అతని ఒంటికి తగల్లేదు. 1984 ఫిబ్రవరి 22న కన్నుమూశాడు, పన్నెండేళ్లకి.

ఇప్పుడు అలాంటి బుడగలో పెంచాల్సిన పనిలేదు. మూడున్నర నెలలలోపే మూలుగ మార్పిడి చేస్తే నూటికి తొంభైమందికి పైగా బతుకుతున్నారు. అందుకే అమెరికాలో నవజాత శిశువుల మడమ నుంచి తీసే రక్తపు చుక్కతోనే స్కిడ్‌నీ పరీక్షిస్తారు. 2008లో విస్కాన్సిన్‌లో మొదలై, 2018 చివరికి అన్ని రాష్ట్రాలకూ చేరింది.

మన దేశంలో ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చేసే ఏర్పాటు లేదు. పైగా స్కిడ్‌లో కొన్ని రకాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే పుడతాయి. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. డేవిడ్‌కి వచ్చిన రకం వేరు. అది తల్లి నుంచి మగబిడ్డలకి వస్తుంది, మేనరికంతో సంబంధం లేదు.

'ఆ ఇంట్లో పిల్లలు దక్కట్లేదు' అని పెద్దవాళ్లు అంటుంటారే, ఆ మాట డాక్టరు చెవిన పడాలి. వెనకటి బిడ్డగానీ, చిన్నారి మేనమామగానీ పసితనంలోనే ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే, కాన్పుకి ముందే చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర పుట్టగానే వేసే బీసీజీ సజీవ టీకా. స్కిడ్ బిడ్డలో ఆ క్రిమే ఒళ్లంతా పాకుతుంది. (అలాగని మిగతా పిల్లలకి టీకాలు మానేయకండి సుమా!)

నోట్లో తెల్లపూత తగ్గకపోవడం, ఆగని విరేచనాలు, మళ్లీమళ్లీ న్యుమోనియా, బరువు పెరగకపోవడం... వీటితో ఆసుపత్రికి వెళితే మామూలు రక్తపరీక్ష ఎలాగూ రాస్తారు. తొలి ఆధారం అందులోనే దొరకొచ్చు. తెల్లకణాలు 8,000, వాటిలో లింఫోసైట్లు 20 శాతం అని ఉందనుకోండి. అంటే 1,600. పెద్దవాళ్లకి అది మామూలు అంకే. నాలుగు నెలల బిడ్డకి మాత్రం 3,000 కన్నా తగ్గితే అనుమానించాల్సిందే.