పోటు పాటుల నడుమ మునిగిన నావ

సముద్రమును మన పెద్దలు రత్నాకరమనిరి. దాని గర్భమున రత్నములే కాదు, ఎన్నియో నావలును, వానితో మునిగిన మనుష్యుల బ్రదుకులును కలవు. అట్టి నావ యొకదానిని మానవుడు మరల ఎట్లు చూడగలిగెనో పాఠకులకు తెలుపదలచితిమి.

ఇంగ్లండు దక్షిణతీరమున పోర్ట్స్‌మత్ రేవు చెంత సోలెంట్ అను జలసంధి కలదు. 1545 జూలై 19వ తేదీన అచ్చట ఫ్రెంచి నౌకాదళముతో పోరుచు ఎనిమిదవ హెన్రీ రాజు యుద్ధనౌక ‘మేరీ రోజ్’ మునిగిపోయెను. నావ ఒక ప్రక్కకు ఒరుగగా, తెరచియున్న ఫిరంగి కిటికీలగుండ నీరు లోనికి జొచ్చెను. అందున్న సుమారు 500 మందిలో బ్రదికినవారు నలుబదిమందికి మించలేదు.

నావ కుడిప్రక్కకు ఒరిగి అడుగున నిలిచెను. పోటు వచ్చునప్పుడొకవైపునకును, పాటు తీయునప్పుడు వేఱొకవైపునకును ప్రవహించు నీరు దానిలో బురద నింపెను. బురదకు పైన మిగిలిన యెడమభాగమును ప్రవాహములును, కఱ్ఱను తొలుచు పురుగులును నాశనమొనర్చినవి. బురదలో కూరుకొనిన కుడిభాగము ప్రాణవాయువు సోకక చెడకుండెను. ఒకే సముద్రము సగము భక్షించి సగము దాచినది.

1836లో జాలరుల వలలు ఆ చోట చిక్కుకొనగా, జాన్ డీన్ అను నతడు లోహపు టోపీ ధరించి దిగి కొన్ని ఫిరంగులను వెలికి తీసెను. అతనికి గాలి పైనుండి గొట్టముద్వారా అందవలసియుండెను. పిమ్మట ఆ తావు మరుపున బడెను. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యా అను నిరువురు ఆక్వాలంగ్ అను సాధనమును నిర్మించిరి. వీపునగల సిలిండరులోని గాలిని, ఉన్న లోతునకు తగిన పీడనముతో, ఒక కవాటము నోటికి అందించును. ఇక మునుగువాడు చేపవలె స్వేచ్ఛగ తిరుగగలడు. ఈ సాధనముతోనే అలెగ్జాండర్ మెక్కీయు, అతని తోడివారును 1965లో వెదకుట ప్రారంభించి, 1971లో నావ కఱ్ఱలను కనుగొనిరి.

అయినను గాలి యున్నంతమాత్రమున చాలదు. పోటుపాటుల నీటివడికి బలశాలియైన ఈతగాడును ఎదురీదజాలడు. కలగిన బురదలో చాచిన చేయియు కానరాకపోవచ్చును. కావున అట్టి తావుల దిగువారు పోటు ముగిసి పాటు మొదలగులోపల నీరు కదలక నిలుచు స్వల్పకాలమునకై కాచుకొందురు. అమావాస్యాపూర్ణిమలకు వడి హెచ్చు. అష్టమి ప్రాంతమున తగ్గును. వేళ మీఱినచో ఎంత ముచ్చటగొలుపు వస్తువు కానవచ్చినను విడిచి పైకి రావలెను. తొందరలో ఊపిరి బిగబట్టి లేచినచో ఊపిరితిత్తులు చిట్లవచ్చును. అత్యాశకు కడలి క్షమాపణ నొసగదు.

1979 మొదలు మార్గరెట్ రూల్ అను పురాతత్త్వవేత్త ఆధ్వర్యవమున పని సాగెను. స్వచ్ఛందసేవకులు పెక్కుమంది పాల్గొనిరి. వారందఱు కలసి దిగిన పర్యాయములు సుమారు 28,000. దొరకిన ప్రతి వస్తువును, అది యున్న చోటును గుర్తించిన పిదపనే తీసిరి. 1982 అక్టోబరు 11న నావ సగము నీటిపైకి వచ్చెను.

దొరకిన వస్తువులు 19,000కు మించినవి. వానిలో విండ్లు, బాణములు, వైద్యుని పెట్టె, దువ్వెనలు, పాచికలు, చెప్పులు, ఎలుకలు పట్టు ఒక కుక్క యొక్క అస్థిపంజరమును కలవు. రాజుల చరిత్ర గ్రంథములందున్నది. పేరెఱుగని నావికుడు తల దువ్వుకొనిన దువ్వెన బురదలోనే యుండెను. దానిని మనకు చేర్చినది సాహసము మాత్రమే కాదు, నీరు నిలుచువఱకు కాచుకొనిన ఓర్పు. మన పాఠకులును తమ విద్యాభ్యాసమున ఈ ఓర్పును అలవరచుకొందురుగాక యని మా ఆకాంక్ష.