నిప్పురవ్వకు పాఠపరిష్కారం

కొత్తగూడెం నుండి పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారి చాలాదూరం అడవి అంచునే సాగుతుంది. 1965లో గోదావరిపై వారధి వచ్చేదాకా అక్కడ ఏరు దాటడానికి పడవే దిక్కు. అటువంటి దారిలో, ముసురు పట్టిన వేళ, పాత పెట్రోలు బండి ఆగిపోయిందనుకోండి. తెలిసినవాడు మొదట విచారించేవి రెండే: పెట్రోలు అందుతున్నదా? నిప్పురవ్వ పుడుతున్నదా? ఈ రెండవ ప్రశ్నకు శాస్త్రంతోపాటు చరిత్ర కూడా తెలిసి ఉండాలి.

1945లో రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట, మిగిలిపోయిన అమెరికన్ సైనిక వాహనాలు మన దేశంలో అమ్మకానికి వచ్చినవి. చేతులు మారిన కొద్దీ వాటిలో ఒక బండి భాగం మరొక బండిలో చేరింది. కనుక నేడు అటువంటి జీపునో ట్రక్కునో పూర్వరూపానికి తేదలచినవాని పని తాళపత్ర గ్రంథ పరిష్కర్త పని వంటిదే. లేఖకుల చేతిలో చేరిన అపపాఠాలను ఏరివేసి, అసలు పాఠాన్ని నిర్ణయించవలె.

ముందు సూత్రం చూడండి. 1831లో ఫారడే కనుగొన్న విద్యుత్ప్రేరణమే దీనికి మూలం. బ్యాటరీ నుండి వచ్చే కరెంటు కాయిలులో ప్రవహిస్తూ ఉంటుంది. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడగానే ఆ ప్రవాహం తెగి, కాయిలు రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టుతవి. రోటరు వాటిని వంతులవారీగా ప్లగ్గులకు పంచుతుంది. పాయింట్ల వద్ద నిప్పులు రాలకుండా కాపాడేది కండెన్సరు. అది చెడితే పాయింట్లు మాడిపోతవి, రవ్వ బలహీనమవుతుంది.

ఇక చిక్కు ఎక్కడంటే, బిగింపులో సరిపోయిన ప్రతి భాగమూ పనిలో సరిపోదు. యుద్ధకాలపు విల్లీస్, ఫోర్డు జీపులకు 6 వోల్టుల విద్యుత్తు. 1950లో వచ్చిన ఎం-38 జీపుకు 24 వోల్టులు; దాని డిస్ట్రిబ్యూటరు నీరు చొరకుండా మూసినది, తీగెలకు లోహపు తొడుగు. 6 వోల్టుల కాయిలును ఊరక 12 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే అది వేడెక్కి, పాయింట్లను మాడ్చివేస్తుంది. 12 వోల్టుల కాయిలును 6 వోల్టులకు పెడితే రవ్వ నీరసపడుతుంది.

కనుక పరీక్ష క్రమంగా జరగవలె. మొదట డాష్‌బోర్డుమీది రేకు చదవండి. ఫోర్డు తయారు చేసిన జీపులో చిన్న బోల్టుల మీద సైతం 'ఎఫ్' అక్షరం ఉంటుంది. జీపు పేలుడు వరుస 1-3-4-2. షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజనుకు 1-5-3-6-2-4. రోటరు ఏ దిశగా తిరుగుతున్నదో చూచిన పిమ్మటనే తీగెలు ఆ వరుసలో పెట్టవలె. జీపు పాయింట్ల మధ్య సందు, అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే 20 భాగాలు. ప్లగ్గు సందు 30. అమెరికన్ బండి నంబరు చివర 'ఎస్' ఉంటే, రేడియోకు అడ్డు రాకుండా రవ్వ రొదను అణచిన బండి అన్నమాట. ఆ సరంజామా విప్పి పారవేయరాదు. మన సైన్యపు శక్తిమాన్ ట్రక్కులో మాత్రం ఇవేవీ వెదకనక్కరలేదు. అది డీజిలు బండి. దానికి ప్లగ్గు రవ్వే అవసరం లేదు.

అసలు భాగం దొరకకపోతే? సరిపోయే కొత్తది వేయడం తప్పు కాదు. కాని పాతదాన్ని చీటీ కట్టి భద్రపరచి, ఏది ఎప్పుడు మార్చినదీ పుస్తకంలో వ్రాసి ఉంచవలె. పరిష్కర్త పాఠాంతరాన్ని దాచడు గదా! అట్లా వ్రాయని బండిని రేపు ఒక విద్యార్థి చూచి, యుద్ధకాలంలో ఇదే ఉండేదనుకుంటాడు. ఆగిన ఇంజనును మళ్లీ నడపవచ్చును. తప్పుగా నేర్చిన చరిత్రను దిద్దడం మాత్రం కష్టం.